జీపీయూ ప్రోగ్రాములు: ఏ కార్డు మీద నడుస్తాయో చెప్పి ఇవ్వండి

సంపాదకులు గారికి,
నమస్కారం.

తెలుగు మాటను రాతగా మార్చే ప్రోగ్రాములు, పాత పుస్తకాల స్కాన్ల నుంచి అక్షరాలు తీసే ప్రోగ్రాములు, తెలుగులో ప్రశ్నలకు జవాబిచ్చే భాషా మోడళ్లు ఒకదాని వెనుక ఒకటి వస్తున్నాయి. కాలేజీల్లో జీపీయూ (ఒకేసారి ఎన్నో లెక్కలు చేసే గ్రాఫిక్స్ కార్డు) ల్యాబులు పెడుతున్న వార్తలు కూడా పత్రికల్లో చూస్తున్నాం. ఈ రెండూ ఒకదానికొకటి అందడం లేదన్నదే నా బాధ. చాలా ప్రాజెక్టులు సోర్సు కోడ్ (మనిషి రాసిన ప్రోగ్రామ్ పాఠం) పెట్టేసి ‘మీరే కంపైల్ చేసుకోండి’, అంటే యంత్రభాషలోకి మార్చుకోండి అంటాయి. మరికొన్ని తమ సర్వర్‌లో ఉన్న ఒక్క కార్డుకు బిల్డ్ చేసిన బైనరీ (నేరుగా నడిచే ఫైల్) పెట్టి విడుదల చేశామంటాయి. అది ఏ కార్డుల మీద నడుస్తుందో, ఏ డ్రైవర్ (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) కావాలో ఒక్క ముక్క ఉండదు. ల్యాబులో జీటీఎక్స్ 1650 కార్డు ముందు కూర్చున్న పిల్లలకు తెరవగానే ఎర్రర్ వస్తుంది. తప్పు తమదేననుకుని వదిలేస్తారు. తప్పు వాళ్లది కాదు, బైనరీ తయారైన తీరుది. ఎక్కడెక్కడ బెడిసికొడుతుందో, ఎలా సరిచేయాలో వివరంగా రాస్తున్నాను. నిడివి ఎక్కువైనా ప్రచురించమని మనవి.

మామూలు ప్రోగ్రాముకూ జీపీయూ ప్రోగ్రాముకూ ఒక తేడా ఉంది. పదిహేనేళ్ల కిందట 64 బిట్ ఇంటెల్ ప్రాసెసర్ కోసం కంపైల్ చేసిన యంత్రభాషను ఇవాళ కొన్న ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లు కూడా అర్థం చేసుకుంటాయి. జీపీయూలో అలా కాదు. తరం మారితే చిప్పు లోపలి యంత్రభాషే మారిపోతుంది. ఎన్విడియా ఆ తరాన్ని ‘కంప్యూట్ కేపబిలిటీ’ అనే అంకెతో గుర్తిస్తుంది. జీటీఎక్స్ 1050, 1080లది 6.1. జీటీఎక్స్ 1650, ఆర్‌టీఎక్స్ 20 వరస, గూగుల్ కొలాబ్ అనే నెట్ సేవలో ఉచితంగా దొరికే టీ4 కార్డు, ఇవన్నీ 7.5. ఏ100 అయితే 8.0, ఆర్‌టీఎక్స్ 3050 నుంచి 3090 దాకా 8.6, ఆర్‌టీఎక్స్ 40 వరస 8.9, హెచ్100 9.0, ఆర్‌టీఎక్స్ 50 వరస 12.0. ఒక అంకెకు బిల్డ్ చేసిన యంత్రభాష, చుక్కకు ముందున్న అంకె అదే ఉండి చుక్క తర్వాతి అంకె అంతే లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న కార్డుల మీదే నడుస్తుంది. 8.0కి చేసింది 8.6, 8.9 మీద నడుస్తుంది. 8.6కి చేసింది 8.0 మీద నడవదు. 8.0కి చేసింది 7.5 మీదా నడవదు, 9.0 మీదా నడవదు. అప్పుడు వచ్చే ఎర్రరే ‘నో కెర్నెల్ ఇమేజ్ ఈజ్ అవైలబుల్ ఫర్ ఎగ్జిక్యూషన్ ఆన్ ద డివైస్’. ఈ వాక్యం కనబడితే కార్డు పాడైందని కాదు, డ్రైవర్ పోయిందని కాదు. ఆ బైనరీలో మీ తరం కార్డుకు సరిపడే కోడ్ లేదని మాత్రమే అర్థం.

దీనికి ఎన్విడియా ఒక మధ్యే మార్గం పెట్టింది, పీటీఎక్స్ అని. సోర్సు కోడ్‌ను బియ్యం, మినప్పప్పు అనుకుంటే పీటీఎక్స్ రుబ్బిన పిండి, యంత్రభాష కాల్చిన దోసె. పిండి ఇస్తే ఎవరి పెనం మీద వాళ్లు పోసుకోవచ్చు. పోసేది కార్డు డ్రైవర్, ప్రోగ్రామ్ మొదటిసారి నడిచేటప్పుడు. పెద్ద ప్రోగ్రామ్ అయితే ఆ మొదటిసారి తెర మీద ఏ కదలికా లేకుండా నిమిషాలు పట్టొచ్చు. చాలామంది హ్యాంగ్ అయిందనుకుని మూసేస్తారు. తయారైన కోడ్‌ను డ్రైవర్ దాచుకుంటుంది. లైనక్స్‌లో అయితే యూజర్ హోమ్ ఫోల్డర్‌లో, చుక్కతో మొదలయ్యే ‘ఎన్‌వీ’ అనే దాపుడు ఫోల్డర్ లోపల ‘కంప్యూట్ క్యాష్’ అని ఉంటుంది. రెండోసారి నుంచి వెంటనే తెరుచుకుంటుంది. కాలేజీ ల్యాబుల్లో ఇక్కడే చిక్కు. రీబూట్ చేస్తే డిస్క్ మొదటి స్థితికి వెళ్లిపోయే ఏర్పాటు ఉన్న చోట, లేదా హోమ్ ఫోల్డర్‌కు జాగా పరిమితి పెట్టిన చోట ఆ దాపు నిలవదు. ప్రతి ఉదయం, ప్రతి మిషన్ మీద మళ్లీ మొదటి నుంచీ. అందుకే ‘పీటీఎక్స్ పెట్టాం కదా, అన్ని కార్డుల మీదా నడుస్తుంది’ అనే మాట సగమే నిజం.

పీటీఎక్స్‌కు ఇంకో రెండు షరతులు ఉన్నాయి. అది ముందుకే వెళ్తుంది, వెనక్కి రాదు: 7.5కు తీసిన పీటీఎక్స్ 8.6 మీద నడుస్తుంది కానీ 6.1 మీద నడవదు. రెండోది, పీటీఎక్స్‌ను తయారుచేసిన కుడా టూల్‌కిట్ (ఎన్విడియా కార్డులకు ప్రోగ్రాములు తయారుచేసే పనిముట్ల కట్ట) కన్నా మిషన్ మీది డ్రైవర్ పాతదైతే ‘అన్‌సపోర్టెడ్ టూల్‌చెయిన్’ అంటూ ఆగిపోతుంది. ఇది ల్యాబుల్లో తరచూ తగిలే ఎర్రర్. ఉదాహరణకు చాలా ల్యాబుల్లో 535 వరస డ్రైవర్ ఉంటుంది. కుడా 12.8తో బిల్డ్ చేసిన ప్రోగ్రామ్‌లో ఆ కార్డుకు నేరుగా యంత్రభాష ఉంటే 535 మీద నడిచిపోతుంది, ఎందుకంటే లైనక్స్‌లో 525 వరస నుంచి పైనున్న డ్రైవర్లన్నీ కుడా 12 కుటుంబాన్ని ఒప్పుకుంటాయి. అదే ప్రోగ్రామ్‌లో పీటీఎక్స్ ఒక్కటే ఉంటే నడవదు, 570 వరస కావాలి. మిషన్ అదే, కార్డు అదే. తేడా అంతా బిల్డ్ చేసినవాళ్లు ఒక్క అంకెను కలిపారా లేదా అన్న దగ్గరే ఉంది.

మరి ఏయే అంకెలు కలపాలి? మన కాలేజీల్లో, ఇళ్లలో ఉన్న కార్డులను బట్టి చూస్తే కుడా 12.8తో 6.1, 7.5, 8.0, 8.6, 8.9, 9.0, 12.0కు యంత్రభాష, రాబోయే కార్డుల కోసం చివరి అంకెకు పీటీఎక్స్ కలిపితే దాదాపు అందరికీ అందుతుంది. బిల్డ్ పనిని నడిపే సీమేక్ అనే పనిముట్టు వాడేవాళ్లు ‘కుడా ఆర్కిటెక్చర్స్’ అనే చోట అంకె పక్కన ‘రియల్’ అని రాస్తే యంత్రభాష ఒక్కటే, ‘వర్చువల్’ అని రాస్తే పీటీఎక్స్ ఒక్కటే, ఏదీ రాయకపోతే రెండూ వస్తాయి. మధ్య అంకెలన్నిటికీ రెండూ పెట్టి ఫైల్‌ను ఊరికే ఉబ్బించడం మామూలుగా జరిగే పొరపాటు.

6.1 బదులు 6.0 పెడితే కాగుల్ వెబ్‌సైట్‌లో విద్యార్థులు వాడుతూ వచ్చిన పీ100 కార్డు కూడా కలుస్తుంది కదా అని అడగొచ్చు. కలుస్తుంది. 6.0 కోడ్ 6.1 మీద నడుస్తుంది కూడా. కానీ నడవడం వేరు, తగిన వేగంతో నడవడం వేరు. నాలుగేసి 8 బిట్ అంకెలను ఒకే దెబ్బలో గుణించి కూడే ఆదేశం 6.1లో ఉంది, 6.0లో లేదు. కుదించిన భాషా మోడళ్లను నడిపే లామా.సీపీపీ లాంటి ప్రోగ్రాములు ఆ ఆదేశం మీదే ఆధారపడతాయి. కాబట్టి 6.0 కలపదలిస్తే 6.1తో పాటు కలపాలి, దాని బదులు కాదు. 7.0కూ 7.5కూ మధ్య కూడా ఇలాంటి తేడానే ఉంది.

ఇంకో సంగతి అందరూ గమనించాలి. 2025లో వచ్చిన కుడా 13 నుంచి 7.5 కన్నా తక్కువ అంకెలకు కంపైల్ చేయడమే కుదరదు. డ్రైవర్లలో కూడా ఆ పాత తరాలకు 580 వరసే చివరిది. ఏఐ ప్రోగ్రాములకు వాడే పైథాన్ లైబ్రరీ పైటార్చ్ కూడా 2.8 విడుదలలో కుడా 12.8, 12.9 బిల్డ్‌ల నుంచి జీటీఎక్స్ 10 వరసను, అంతకు ముందువాటిని తీసేసింది. ఆ కార్డులున్నవాళ్లు 12.6 బిల్డ్ తీసుకోవాలి. ‘కొత్త వెర్షన్ వచ్చింది కదా’ అని బిల్డ్ మిషన్ మీద టూల్‌కిట్ మార్చేస్తే ఒక్క రాత్రిలో ఎన్నో ల్యాబుల్లో ప్రోగ్రామ్ నడవకుండా పోతుంది. పాత కార్డుల కోసం 12తో ఒకటి, కొత్తవాటి కోసం 13తో ఒకటి, రెండు ఫైళ్లు పెట్టడమే దారి.

టూల్‌కిట్ గురించి ఒక అపోహ కూడా తొలగాలి. ముందే బిల్డ్ చేసిన బైనరీ వాడేవాళ్లకు కుడా టూల్‌కిట్ అక్కర్లేదు, డ్రైవర్ ఉంటే చాలు. ‘ఎన్విడియా ఎస్ఎంఐ’ ఆదేశం ఇస్తే పైన ‘కుడా వెర్షన్ 12.2’ అని కనబడేది మిషన్‌లో ఉన్న టూల్‌కిట్ కాదు, ఆ డ్రైవర్ ఒప్పుకునే గరిష్ఠ వెర్షన్. ఇది తెలియక నాలుగైదు జీబీల టూల్‌కిట్‌ను దించి, ఉన్న డ్రైవర్‌ను కూడా చెడగొట్టుకునేవాళ్లు ఎందరో. విడుదల చేసేవాళ్లు కుడా రన్‌టైమ్, కుబ్లాస్ (లెక్కలు చేసే) లైబ్రరీలను తమ జిప్‌తో పాటే ఇవ్వాలి. ఎన్విడియా లైసెన్సులో పంచుకోదగ్గ ఫైళ్ల జాబితా ఉంది, ఇవి అందులో ఉన్నాయి. లామా.సీపీపీ విండోస్ విడుదలల్లో ఆ లైబ్రరీలను వేరే జిప్‌గా పెడతారు. ప్రోగ్రామ్ తరచూ మారుతుంది, లైబ్రరీలు మారవు. ఒకసారి దించుకుంటే చాలు. మనకున్న నెట్ కనెక్షన్లకు ఇది ఎంతో మేలు చేసే పద్ధతి.

అయితే లైనక్స్‌లో ‘లిబ్‌కుడా’ అనే ఫైల్‌ను మాత్రం ఎప్పుడూ ప్యాకేజీలో పెట్టకూడదు. అది డ్రైవర్‌లో భాగం, లైనక్స్ లోపల నడిచే డ్రైవర్ ముక్క (కెర్నెల్ మాడ్యూల్)తో వెర్షన్ కలవాలి. పైథాన్ వీల్ (పైథాన్‌లో ఎక్కించుకునే ప్యాకేజీ ఫైల్) తయారుచేసేటప్పుడు ‘ఆడిట్‌వీల్’ అనే పనిముట్టు కనబడ్డ లైబ్రరీనల్లా లోపలికి లాగేస్తుంది. లిబ్‌కుడాను మినహాయించమని విడిగా చెప్పాలి. బిల్డ్ మిషన్‌లో జీపీయూ ఉండదు కాబట్టి లింకు చేయడానికి టూల్‌కిట్ ‘స్టబ్స్’ ఫోల్డర్‌లో ఒక బొమ్మ లిబ్‌కుడా ఇస్తుంది. అది లింకు వరకే. ఆ ఫోల్డర్ దారి బైనరీలో మిగిలిపోతే, టూల్‌కిట్ ఉన్న వాడుకరి మిషన్‌లో ప్రోగ్రామ్ ఆ బొమ్మ ఫైల్‌ను ఎత్తుకుని జీపీయూను వాడలేకపోయే ప్రమాదం ఉంది.

జీపీయూ సంగతి అన్నీ సరిగా చేసి, దాని చుట్టూ ఉన్న మామూలు విషయాల దగ్గర బోర్లా పడేవి కూడా తక్కువేమీ కాదు. లైనక్స్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆధారపడే మూల లైబ్రరీ గ్లిబ్‌సీ వెర్షన్ అలాంటిది. ఉబుంటు 24.04 మీద బిల్డ్ చేస్తే గ్లిబ్‌సీ 2.39 అంటుకుంటుంది. ఉబుంటు 20.04లో ఉన్నది 2.31. అక్కడ ప్రోగ్రామ్ తెరుచుకోకముందే ‘వెర్షన్ గ్లిబ్‌సీ నాట్ ఫౌండ్’ అని ఆగిపోతుంది. పాతదాని మీద బిల్డ్ చేస్తే కొత్తదాని మీద నడుస్తుంది, కొత్తదాని మీద చేస్తే పాతదాని మీద నడవదు. రాకీ లైనక్స్ 8 కంటైనర్‌లో (మిషన్ లోపలే విడిగా ఉండే లైనక్స్ ఏర్పాటులో) బిల్డ్ చేయడం మంచి అలవాటు. దాని గ్లిబ్‌సీ 2.28, కుడా టూల్‌కిట్ ఎక్కించి ఉన్న ఆ కంటైనర్ ఎన్విడియానే ఇస్తుంది, కొత్త జీసీసీ కంపైలర్ కావాలంటే అందులోనే టూల్‌సెట్ ప్యాకేజీగా దొరుకుతుంది. బిల్డ్ అయ్యాక ‘ఆబ్జ్‌డంప్’తో బైనరీ అడుగుతున్న గ్లిబ్‌సీ అంకెల్లో పెద్దది ఏదో చూసి, అదే విడుదల పేజీలో రాయాలి.

ఇక సీపీయూ. బిల్డ్ మిషన్ కొత్తదైతే కంపైలర్‌కు ‘ఈ మిషన్‌కు తగ్గట్టు చెయ్యి’ అనే ‘నేటివ్’ అమరిక ఉండి, ఏవీఎక్స్ 512 లాంటి ఆదేశాలు చొరబడతాయి. ఏవీఎక్స్2 ఆదేశాలు ఇంటెల్‌లో 2013 నాటి నాలుగో తరంతో వచ్చాయి. మన ల్యాబుల్లో రెండో తరం, మూడో తరం ఐ3 మిషన్లు ఇంకా తిరుగుతున్నాయి, వాటికే తర్వాత కార్డు కొని తగిలించారు. అక్కడ ప్రోగ్రామ్ ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అని ఒక్క ముక్క చెప్పి చచ్చిపోతుంది, జీపీయూ దాకా వెళ్లనే వెళ్లదు. చూసేవాళ్లు నింద మాత్రం కార్డు మీద వేస్తారు. లామా.సీపీపీ, మాటను రాతగా మార్చే విస్పర్.సీపీపీ రెండూ వాడే జీజీఎంఎల్ లైబ్రరీలో దీనికి చక్కని పరిష్కారం ఉంది. ‘నేటివ్’ ఆపేసి, ‘బ్యాకెండ్ డీఎల్’, ‘సీపీయూ ఆల్ వేరియంట్స్’ అనే రెండు అమరికలు పెడితే ఒక్కో ప్రాసెసర్ తరానికి ఒక్కో చిన్న లైబ్రరీ తయారవుతుంది. కుడా, వల్కన్ (ఏ కంపెనీ కార్డుకైనా పనికొచ్చే పద్ధతి) కూడా విడి ఫైళ్లే అవుతాయి. ప్రోగ్రామ్ తెరిచినప్పుడు ఏది సరిపోతుందో చూసుకుని దాన్నే ఎత్తుకుంటుంది. డ్రైవర్ లేని మిషన్‌లో కుడా ఫైల్ లోడ్ కాదు. అయినా ప్రోగ్రామ్ ఆగిపోదు, సీపీయూ మీద నెమ్మదిగా నడుస్తుంది. తెలుగు ప్రాజెక్టులు ఈ పద్ధతిని ఉన్నదున్నట్టు తీసుకోవచ్చు.

ఏఎండీ కార్డుల కథ ఇంకా కష్టం. అక్కడ ప్రతి చిప్పుకూ ఒక ‘జీఎఫ్ఎక్స్’ అంకె ఉంటుంది: ఆర్‌ఎక్స్ 6800ది 1030, 6600ది 1032, 7900 ఎక్స్‌టీఎక్స్‌ది 1100, ఎంఐ300ఎక్స్‌ది 942. కుడాకు బదులు ఏఎండీ ఇచ్చే రాక్ఎం మీద మామూలు బిల్డ్‌లో పీటీఎక్స్ లాంటి పిండి ఉండదు, పేరు పెట్టిన చిప్పులకే కోడ్ వస్తుంది. ఒకే కుటుంబానికి పనికొచ్చే ‘జెనరిక్’ లక్ష్యాలు ఇటీవలే వచ్చాయి. 1030కి చేసిన బైనరీ 6600 మీద తిన్నగా నడవదు. వాడుకరులు ‘హెచ్ఎస్ఏ ఓవర్‌రైడ్ జీఎఫ్ఎక్స్ వెర్షన్’ అనే వేరియబుల్‌కు 10.3.0 ఇచ్చి కార్డును 1030గా నమ్మించి నడుపుతారు. ఈ రెండిటి ఆదేశాలు ఒకటే కాబట్టి పనిచేస్తుంది, కానీ వేరే కుటుంబం కార్డు మీద ఇదే చేస్తే జీపీయూ హ్యాంగ్ అయిపోతుంది. పైగా ప్రోగ్రామ్ ఒక్కటే సరైన చిప్పుకు చేస్తే చాలదు. కింద ఉన్న, లెక్కలు చేసే రాక్‌బ్లాస్ లైబ్రరీలో కూడా ఆ చిప్పు ఫైళ్లు ఉండాలి, లేకపోతే ‘టెన్సిల్ లైబ్రరీ’ చదవలేకపోయానంటుంది. లైనక్స్‌లో యూజర్‌ను ‘రెండర్’, ‘వీడియో’ గ్రూపుల్లో చేర్చకపోతే అసలు కార్డే కనబడదు. చేర్చాక లాగౌట్ అయి మళ్లీ రావాలి. ఈ ఒక్క వాక్యం విడుదల పేజీలో ఉంటే ఎంతో సమయం మిగులుతుంది.

అన్ని కార్డులకూ ఒకే ఫైల్ కావాలంటే దగ్గరి దారి వల్కన్. ఎన్విడియా, ఏఎండీ, ఇంటెల్ మూడింటి డ్రైవర్లలోనూ ఉంటుంది. అందులో స్పిర్‌వీ అనే మధ్య భాషలో కోడ్ ఇస్తే డ్రైవరే చిప్పుకు తగ్గట్టు మార్చుకుంటుంది. జిప్ చిన్నది, తోడు లైబ్రరీలు అక్కర్లేదు. ఎన్విడియా కార్డు మీద సాధారణంగా కుడా అంత వేగం రాకపోవచ్చు, కానీ ఏ కార్డుందో తెలియని వాడుకరికి మొదట ఇవ్వాల్సింది ఇదేనని నా గట్టి అభిప్రాయం. ఒక్కటి చూసుకోవాలి. గ్రాఫిక్స్ డ్రైవర్ లేని లైనక్స్ మిషన్‌లో ‘ఎల్ఎల్‌వీఎం పైప్’ అనే పేరుతో ఒక ఉత్తుత్తి జీపీయూ వల్కన్ జాబితాలో కనబడుతుంది. అది సీపీయూ మీద నడిచే సాఫ్ట్‌వేర్. ప్రోగ్రామ్ దాన్ని ఎంచుకుంటే మామూలు సీపీయూ బిల్డ్ కన్నా నెమ్మదిగా పోతుంది. అందుకే ప్రోగ్రామ్ మొదలవగానే ఏ పరికరాన్ని ఎంచుకుందో పేరుతో సహా ఒక వరసలో చూపాలి.

యాపిల్ మిషన్లకు యాపిల్ సొంత పద్ధతి మెటల్ ఒకటే దారి కాబట్టి అక్కడ ఇంత గందరగోళం లేదు. సంతకం, నోటరైజేషన్ (యాపిల్ చేసే తనిఖీ) చేయించకపోతే మామూలుగా తెరవనివ్వదు, అందుకు ఏడాదికి 99 డాలర్ల డెవలపర్ ఖాతా కావాలి. కాలేజీల్లో రోబోల కోసం కొన్న జెట్సన్ ఓరిన్ బోర్డులది ఏఆర్‌ఎం ప్రాసెసర్, కంప్యూట్ కేపబిలిటీ 8.7, పీసీ బైనరీ అక్కడ ఎక్కదు, విడి బిల్డ్ పెట్టాలి.

పైథాన్‌లో పనిచేసేవాళ్లను ఎక్కువగా పట్టి పీడించేది ఒకటుంది. విండోస్‌లో ఉత్త ‘పిప్ ఇన్‌స్టాల్ టార్చ్’ అంటే వచ్చేది సీపీయూ బిల్డ్. కార్డు ఎంత మంచిదైనా ‘కుడా అవైలబుల్’ అని అడిగితే ఫాల్స్ వస్తుంది. కుడా బిల్డ్ కోసం పైటార్చ్ సొంత ఇండెక్స్ చిరునామా ఇవ్వాలి. లైనక్స్‌లో తిరకాసు ఎదురు దిశలో ఉంది: అదే ఆదేశానికి కుడా బిల్డ్ వస్తుంది, తోడు లైబ్రరీలతో కలిపి డౌన్‌లోడ్ 2 జీబీ దాటుతుంది, జీపీయూ లేని మిషన్‌కు అది దండగ. పైథాన్ ప్యాకేజీల బహిరంగ ఇండెక్స్ అయిన పీవైపీఐలో ఒక్కో ఫైల్‌కు మామూలు పరిమితి 100 ఎంబీ. అందుకే పెద్ద ప్రాజెక్టులు సొంత ఇండెక్స్‌లు నడుపుతాయి. పైటార్చ్ మీద సొంత కుడా కోడ్ రాసి వీల్‌గా ఇచ్చేవాళ్లకు చిక్కులు ఇంకా పేరుకుంటాయి. పైథాన్ వెర్షన్, టార్చ్ వెర్షన్, కుడా వెర్షన్, సీ++ ఏబీఐ (కంపైల్ అయిన ముక్కలు ఒకదానితో ఒకటి అతికే తీరు), ఈ నాలుగూ కలవాలి. ఒక్కటి తప్పినా దిగుమతి చేయగానే ‘అన్‌డిఫైన్డ్ సింబల్’ అంటూ అర్థంకాని అక్షరాల తోక వస్తుంది. ఫ్లాష్ అటెన్షన్ అనే లైబ్రరీ వాళ్లు వీల్ పేరులోనే ఇవన్నీ రాస్తారు. పేరు పొడవే, కానీ దాన్ని చూడగానే తనకు సరిపోయేది ఏదో వాడుకరికి తెలుస్తుంది.

బిల్డ్ చేయడానికి ఖరీదైన సర్వర్ కావాలన్న భయం వద్దు. కంపైల్ చేయడానికి జీపీయూ అక్కర్లేదు, టూల్‌కిట్ ఉంటే చాలు. గిట్‌హబ్‌లో బహిరంగ ప్రాజెక్టులకు ఉచితంగా ఇచ్చే మిషన్‌కు 4 కోర్లు, 16 జీబీ మెమరీ, 14 జీబీ డిస్క్ ఉంటాయి. ఒక్కో పనికి 6 గంటల గడువు. ప్రతి అంకెకూ కోడ్ మళ్లీ కంపైల్ అవుతుంది కాబట్టి ఏడు అంకెలు పెడితే సమయం దాదాపు ఏడింతలు. మెమరీ చాలక మధ్యలో ‘కిల్డ్’ అని ఆగితే కోడ్‌లో తప్పు వెతకొద్దు, ఏకకాలంలో నడిచే పనుల సంఖ్య తగ్గించండి. గంటలు సరిపోకపోతే అంకెలను రెండు మూడు పనులుగా విడగొట్టండి. ఒక్క లైబ్రరీ ఫైల్ 2 జీబీకి చేరితే లింకర్ ‘రీలొకేషన్ ట్రంకేటెడ్’ అంటుంది. అప్పుడు లైబ్రరీని ముక్కలు చేయాలి, లేదా అంకెలు తగ్గించాలి. గిట్‌హబ్ విడుదలలో కూడా ఒక్కో ఫైల్ 2 జీబీ లోపే ఉండాలి.

అసలు ఇబ్బంది పరీక్షించడం దగ్గర. ఉచిత మిషన్లలో కార్డు ఉండదు, పరీక్షించకుండా పెట్టిన బైనరీని నమ్మడానికి లేదు. ముందుగా ‘కుఆబ్జ్‌డంప్’తో ఫైల్ తెరిస్తే లోపల ఏయే అంకెలకు కోడ్ ఉందో జాబితా వస్తుంది. ఇది కార్డు లేకుండానే చేయొచ్చు, అనుకున్నదానికీ వచ్చినదానికీ తేడా ఇక్కడే దొరుకుతుంది. ఒక్క కార్డు చేతిలో ఉన్నా రెండు పరీక్షలు చేయొచ్చు. ‘కుడా డిసేబుల్ పీటీఎక్స్ జిట్’ వేరియబుల్‌కు 1 ఇచ్చి నడిపితే, నడిచిందంటే ఆ కార్డుకు నేరుగా యంత్రభాష ఉన్నట్టు. ‘కుడా ఫోర్స్ పీటీఎక్స్ జిట్’కు 1 ఇస్తే డ్రైవర్ యంత్రభాషను పక్కనపెట్టి పీటీఎక్స్ నుంచే మొదలుపెడుతుంది, ఆగిపోయిందంటే ఆ కార్డుకు పనికొచ్చే పీటీఎక్స్ లోపల లేదన్నమాట. పీటీఎక్స్ చివరి అంకెకే పెట్టాం కాబట్టి ఈ రెండో పరీక్షకు ఆ తరం కార్డే కావాలి.

మన వాడుకరుల కోసం ఇంకో పరీక్ష తప్పనిసరి. ‘పాటలు’ అని తెలుగులో పేరు పెట్టిన ఫోల్డర్‌లో, తెలుగు పేరున్న ఆడియో ఫైల్‌ను ప్రోగ్రామ్‌కు ఇచ్చి చూడాలి. విండోస్‌లో పాత పద్ధతిలో ఫైల్ తెరిచే కోడ్ అయితే అక్షరాల చోట ప్రశ్నార్థకాలు వచ్చి ఫైల్ దొరకదంటుంది. బైనరీ మ్యానిఫెస్టులో (విండోస్ చదివే వివరాల చీటీలో) యూటీఎఫ్ 8ను యాక్టివ్ కోడ్ పేజీగా రాస్తే విండోస్ 10, 1903 వెర్షన్ నుంచి ఇది సరిపోతుంది. తెలుగు కోసం చేసిన ప్రోగ్రామ్ తెలుగు పేరున్న ఫైల్‌ను తెరవలేకపోవడం మనం ఒప్పుకోకూడనిది.

ఈ పరీక్షల పనిలో కాలేజీలు నేరుగా చేయి కలపొచ్చు. ఒక కాలేజీలో 6.1 కార్డు, మరోచోట 7.5, ఇంకోచోట 8.6, ఎక్కడో ఒక ఏఎండీ రేడియాన్ ఉంటాయి. ఒక్కో తరానికి ఒక్క మిషన్‌ను కేటాయించి, విడుదలకు ముందు అరగంట నడిపి ఫలితం పంపితే చాలు. ఒక జాగ్రత్త: బహిరంగ ప్రాజెక్టుకు కాలేజీ మిషన్‌ను ఆటోమేటిగ్గా తగిలిస్తే, ఎవరో తెలియనివాళ్లు పంపిన మార్పులు కూడా ఆ మిషన్ మీద నడిచే ప్రమాదం ఉంది. ప్రాజెక్టు నిర్వాహకులు ఆమోదించిన బైనరీనే దించి నడిపేలా పెట్టాలి.

నమ్మకం గురించి కూడా. ముందే బిల్డ్ చేసిన బైనరీని వాడటమంటే దాన్ని బిల్డ్ చేసిన మిషన్‌ను నమ్మడమే. 2022 డిసెంబర్ 25 నుంచి 30 వరకు పైటార్చ్ నైట్లీ (రోజువారీ) బిల్డ్‌ను లైనక్స్‌లో పిప్‌తో ఎక్కించుకున్నవాళ్లకు ‘టార్చ్‌ట్రైటాన్’ పేరుతో పీవైపీఐలో ఎవరో పెట్టిన దొంగ ప్యాకేజీ వచ్చింది. సొంత ఇండెక్స్‌లో ఉన్న పేరునే బహిరంగ ఇండెక్స్‌లో ఇంకొకరు నమోదు చేస్తే, పిప్ బహిరంగ ఇండెక్స్‌లోదాన్నే ఎత్తుకుంది. కాబట్టి సొంత ఇండెక్స్ నడిపేవాళ్లు తమ ప్యాకేజీల పేర్లను పీవైపీఐలో కూడా ముందే నమోదు చేసుకోవాలి. ‘ఎక్స్‌ట్రా ఇండెక్స్’ అమరికను వాడమని సూచనల్లో రాయకూడదు. ప్రతి ఫైల్ పక్కన ఎస్‌హెచ్ఏ 256 చెక్‌సమ్ (ఫైల్ మారిందో లేదో పట్టిచ్చే గుర్తు) ఇవ్వాలి. వాట్సాప్ గ్రూపుల్లో, డ్రైవ్ లింకుల్లో చేతులు మారే జిప్‌లను ఆ చెక్‌సమ్‌తో సరిచూసుకోమని అధ్యాపకులు విద్యార్థులకు నేర్పాలి.

ప్రజాధనంతో తెలుగు భాషా సాఫ్ట్‌వేర్ తయారుచేయిస్తున్న విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ శాఖలు, సంస్థలను అడిగేది ఒక్కటే. ప్రాజెక్టు పూర్తయిందని ఒప్పుకునే ముందు, సోర్సు కోడ్‌తో పాటు పరీక్షించిన బైనరీలు కావాలని ఒప్పందంలోనే రాయండి. వాటి పక్కన ఈ మాదిరి నాలుగు వరసలు ఉండాలని కూడా రాయండి:

‘ఎన్విడియా: 6.1, 7.5, 8.0, 8.6, 8.9, 9.0, 12.0, లైనక్స్ డ్రైవర్ 525 లేదా ఆపైది, 12.0 కార్డులకు 570. టూల్‌కిట్ అవసరం లేదు.
మిగతా కార్డులకు, ఏ కార్డో తెలియనివాళ్లకు: వల్కన్ జిప్.
లైనక్స్: గ్లిబ్‌సీ 2.28 లేదా ఆపైది. సీపీయూ: ఏవీఎక్స్2 లేకున్నా నడుస్తుంది.
నడిపి చూసిన కార్డులు: జీటీఎక్స్ 1050 టీఐ, జీటీఎక్స్ 1650, ఆర్‌టీఎక్స్ 3050, ఆర్‌ఎక్స్ 6600. మిగతావాటిపై నడపలేదు.’

ఇట్లు,
జీపీయూ సాఫ్ట్‌వేర్ ప్యాకేజింగ్ పనిలో ఉన్న ఒక పాఠకుడు,
హైదరాబాద్